కడబంతి టేబుళ్లు: వంట బాగుండీ వడ్డన చెడిన ఒక రెస్టారెంట్ కేస్ స్టడీ

2025 జూలైలో జూబ్లీహిల్స్‌లోని ఒక రెస్టారెంట్ యజమాని నాకు ఫోన్ చేశారు. "మేడమ్, తిండిని ఒక్కరు కూడా వంక పెట్టట్లేదు. తిట్లన్నీ సర్వీస్‌కే. మా పిల్లలకి కాస్త నవ్వడం నేర్పించండి చాలు" అన్నారు.

నేను ఈ రంగంలోకి స్టీవార్డ్‌గా, అంటే టేబుళ్ల దగ్గర వడ్డించే మనిషిగా వచ్చాను. తర్వాత ఆర్డర్లు తీసుకుని స్టీవార్డ్‌లను నడిపించే కెప్టెన్‌గా, మేనేజర్‌గా చేశాను. ఇప్పుడు రెస్టారెంట్లలో సర్వీస్ ఎక్కడ చెడుతోందో చూసి సరిచేయడమే నా పని. "నవ్వడం నేర్పించండి" అన్న మాట వింటే నాకు కొంచెం టెన్షన్ వస్తుంది. లోపం ముఖాల్లో ఉందని యజమాని ముందే తీర్మానించుకున్నాడని దాని అర్థం. అప్పటికే ఆయన గ్రూమింగ్‌కీ ఇంగ్లిష్‌కీ ఒక ట్రైనర్‌ని పెట్టి చూశారట. నెల తిరిగేసరికి ఫిర్యాదులు మళ్లీ మొదలయ్యాయి.

నూట పన్నెండు మంది కూర్చునే చోటు అది. ముందు పెద్ద హాలు, పక్కన పార్టీలకు ఒక ప్రైవేట్ గది, వెనక చెట్ల నీడలో వరండా. తెలంగాణ, రాయలసీమ, కోస్తా వంటలతో పాటు తందూర్ విభాగం కూడా ఉంది. ఇద్దరు తింటే మూడున్నర, నాలుగు వేలు అవుతుంది. ఆ డబ్బు పెట్టి వచ్చేవాళ్లు కడుపు నింపుకోవడానికి మాత్రమే రారు. తమను ఎవరో ఒకరు చూసుకుంటారన్న నమ్మకంతో వస్తారు.

మొదటి శనివారం

యజమానికి తప్ప ఎవరికీ చెప్పకుండా, మా ఆయన్నీ మా అత్తయ్యనీ తీసుకుని శనివారం రాత్రి వెళ్లాను. అత్తయ్యకు 76 ఏళ్లు. మాకు వరండాలో చివరి వరస టేబుల్ ఇచ్చారు. ఆ రాత్రి నేను రాసుకున్న సమయాలు ఇవి.

8:05కి కూర్చున్నాం. మెనూ 8:16కి వచ్చింది. మంచినీళ్లు అడిగితే సీసా నీళ్లు కావాలా అని అడిగారు, మామూలు నీళ్లు ఉన్నాయన్న మాటే చెప్పలేదు. అత్తయ్య "బాబూ, కాసిని గోరువెచ్చని నీళ్లు ఇస్తావా?" అంది. పిల్లవాడికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో, "ఓకే మేడమ్" అని వెళ్లాడు. తొమ్మిది నిమిషాల తర్వాత ఒక గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో వేడినీళ్లు, నిమ్మచెక్క. భోజనం అయ్యాక చేతులు కడుక్కునే గిన్నె అది. ఆమె ఏమడిగిందో అతనికి అర్థం కాలేదు. ఇంకొకణ్ణి అడిగితే "గరం పానీ" అన్నాడట, తనకు తెలిసిన వేడినీళ్లు తెచ్చాడు. అత్తయ్య ఒక్క మాట అనలేదు. తప్పు జరిగిందని తెలిసి, ఏం తప్పో తెలియక అతను నిలబడిన తీరు చూస్తే నాకు చాలా బాధ వేసింది. ఆ పిల్లవాణ్ణి ఏమీ నేర్పకుండా మా ముందుకు పంపించారు.

8:24కి ఆర్డర్ ఇచ్చాం. సగంలో ఉండగా కెప్టెన్ చెవిలోని ఇయర్‌పీస్‌లో ఏదో వినిపించి, "వన్ మినిట్ మేడమ్" అని ముందు హాల్లోకి వెళ్లిపోయాడు. అక్కడ ఒక టేబుల్ దగ్గర ముగ్గురు కెప్టెన్లు నిలబడి ఉన్నారు, చెఫ్ కూడా బయటికి వచ్చి పలకరిస్తున్నారు. స్టార్టర్ 8:41కి వచ్చింది. బటర్ రోటీలు 8:52కి, వాటిలోకి చెప్పిన గోంగూర మాంసం 9:05కి. ఆ పదమూడు నిమిషాలూ రోటీలు బుట్టలో గుడ్డ కింద ఉన్నాయి. అత్తయ్య ఒకటి తీసి చింపబోతే తోలులా సాగింది. రెండో చేత్తో పట్టుకుని లాగి, మళ్లీ బుట్టలో పెట్టేసింది.

గోంగూర మాంసం మాత్రం ఎంత బాగుందో చెప్పాలి. పులుపు మొదట నాలుకకు తగిలి, వెనక ఎండుమిర్చి ఘాటు మెల్లగా వచ్చింది. మాంసం ఎముక నుంచి వేలితో అంటే ఊడింది, కానీ పీచుపీచు కాలేదు. ఆకు పూర్తిగా కరిగిపోకుండా అక్కడక్కడ తగులుతోంది. దుకాణంలో కొన్న గోంగూర ముద్ద కలిపితే అలా రాదు. మా ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు, ఆ రోజు "మళ్లీ వద్దాం, కానీ ఈ వరండాలో వద్దు" అన్నారు. ఆ ఒక్క మాటలో నాకు కేసు మొత్తం దొరికింది.

బిల్లు అడిగాక పదిహేడు నిమిషాలు పట్టింది. తిండి 3,640 రూపాయలు. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ 364. ఆ మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ 200.20. అంతా కలిపి 4,204.20. సర్వీస్ ఛార్జ్ తీసేయమంటే మేనేజర్ వచ్చి, "సర్వీస్ నచ్చలేదా మేడమ్?" అని అడిగారు. పక్క టేబుల్ వాళ్లు తలతిప్పి చూశారు. ఆ ప్రశ్నకు అందరి ముందూ నచ్చలేదని చెప్పడానికి ఎంతమందికి నోరు వస్తుంది?

వంటింటి వైపు నుంచి

యజమాని ఇచ్చిన ఫిర్యాదుల కాగితాలన్నీ చదివాను. "పొగరుగా మాట్లాడారు" అన్నది చాలా అరుదు. "మర్చిపోయారు", "చల్లారిపోయింది", "ఎవరూ పట్టించుకోలేదు" అన్న మాటలే మళ్లీ మళ్లీ వచ్చాయి. చల్లారిన కూరని నవ్వు వేడి చేయదు. అందుకే హాల్లో నిలబడడం మానేసి, తర్వాతి నాలుగు సాయంత్రాలు పాస్ దగ్గర నిలబడ్డాను. వంటగదికీ హాలుకీ మధ్య, వండిన ప్లేట్లు పెట్టే కౌంటర్‌ని మేం పాస్ అంటాం.

రోటీల సంగతి మొదటి గంటలోనే తేలింది. కెప్టెన్ ట్యాబ్‌లో ఆర్డర్ కొట్టగానే కేఓటీ, అంటే వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీ, రెండు చోట్ల ప్రింట్ అవుతోంది. కూరల చీటీ వంటగదిలో, రోటీల చీటీ తందూర్ దగ్గర. రెండూ ఒకే క్షణంలో. బాగా కాలిన తందూర్‌లో రోటీ రెండు నిమిషాల్లోపే అయిపోతుంది, పిండి ముద్ద చేసి వత్తడంతో కలిపినా నాలుగైదు నిమిషాలు. నాటుకోడి పులుసు గిన్నెలోకి రావడానికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. తందూర్ ఉస్తాద్ చీటీ రాగానే రోటీ కొడుతున్నాడు. చీటీ వేలాడితే తిట్లు పడేది అతనికే. తన పని అతను ఏ లోటూ లేకుండా చేస్తున్నాడు, ఆ చురుకుదనమే అత్తయ్య చేతిలో తోలైంది. చల్లారే కొద్దీ రోటీలోని పిండిపదార్థం బిగుసుకుపోతుంది, మూతపెడితే ఆవిరి పట్టి పైన తడి, లోపల సాగుడు. మళ్లీ కాలిస్తే రెండు నిమిషాలు మెత్తగా ఉండి ఇంకా గట్టిపడుతుంది.

పాస్ మీద ప్లేట్ల కథ ఇంకా పెద్దది. చెఫ్ గంట కొడతారు. దగ్గరలో ఉన్న స్టీవార్డ్ వచ్చి చీటీ చూస్తాడు. తన టేబుల్ కాకపోతే వదిలేసి వెళ్లిపోతాడు. ఒక ఉలవచారు గిన్నె తొమ్మిది నిమిషాలు అలాగే ఉండడం చూశాను. పైన మీగడ వేసి అందంగా పంపారు, టేబుల్‌కి చేరేసరికి మీగడ కరిగి, చారు అంచుల్లో తెట్టు కట్టింది. ఆ తొమ్మిది నిమిషాల్లో దాని పక్క నుంచి ఐదుగురు వెళ్లారు. వాళ్లలో ఎవరూ బద్ధకస్తులు కారు. వండేదాకా ప్లేటు చెఫ్‌ది, టేబుల్ మీద పెట్టాక స్టీవార్డ్‌ది. మధ్యలో అది ఎవరిదీ కాదు. ఈ కేసుకు వేరు ఇక్కడే ఉంది.

పాస్ నుంచి వరండా చివరి టేబుల్‌కి నడిచి లెక్కపెట్టాను, 64 అడుగులు. గ్లాసు కావాలన్నా, చెంచా కావాలన్నా, నెయ్యి కావాలన్నా పోనూ రానూ 128.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అంటాం కదా. ఇక్కడ వడ్డించేవాళ్లందరూ ముందు హాల్లో ఉన్న మనవాళ్ల దగ్గరే ఉన్నారు. ఒక్క శనివారం రాత్రి కెప్టెన్ల ఫోన్లకు యజమాని నుంచి ఏడు మెసేజ్‌లు వచ్చాయి: "టేబుల్ 6 మనవాళ్లు, చూసుకోండి." ప్రతి మెసేజ్‌కీ ఒక కెప్టెన్ వరండా వదిలి ముందుకు పరుగెత్తుతున్నాడు. పైగా టిప్పులు ముందు హాల్లోనే ఎక్కువ కాబట్టి సీనియర్లు అక్కడే ఉండిపోయారు, కొత్తగా చేరిన పిల్లల్ని 21 నుంచి 28 వరకున్న వరండా టేబుళ్లకు వేశారు. వాటికి వాళ్లలో వాళ్లే "లాస్ట్ లైన్" అని పేరు పెట్టుకున్నారు. అందరికన్నా దూరం టేబుళ్లకు అందరికన్నా అనుభవం తక్కువ ఉన్నవాళ్లు, అడగడానికి పక్కన పెద్ద దిక్కు లేకుండా.

భాష గురించి కూడా. స్టీవార్డ్‌లలో ఎక్కువమంది ఒడిశా, అస్సాం, మణిపూర్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. ఈ పిల్లలు లేకపోతే హైదరాబాద్‌లో చాలా రెస్టారెంట్లు ఒక పూట కూడా నడవవు. వాళ్లు అమ్ముతున్న వంటల్ని వాళ్లకు ఎవరూ రుచి చూపించలేదు. స్టాఫ్‌కి వేరే పప్పు, వేరే అన్నం. "పచ్చిపులుసు చల్లగా ఉందేంటి?" అని ఒక నార్త్ ఇండియన్ అతిథి అడిగితే, స్టీవార్డ్ సారీ చెప్పి గిన్నె వెనక్కి తెచ్చాడు. వంటగదిలో ఎవరో దాన్ని వేడి చేసి పంపారు! చింతపండు పులుసులో పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి చేసేది, పొయ్యి ఎక్కకపోతేనే దానికి పచ్చిపులుసు అని పేరు. ఆ సంగతి తెలిసి చెఫ్ ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన కోపం నాకు పూర్తిగా అర్థమైంది.

ఏం మార్చాం

ముందుగా పాస్‌కి ఒక మనిషిని పెట్టాం. మోకాళ్ల నొప్పులని ఒక పెద్ద కెప్టెన్‌ని రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా అనుభవం, ప్రతి వంటకీ ఎంతసేపు పడుతుందో వేళ్ల మీద చెప్పగలరు. పిల్లలంతా అన్నా అని పిలుస్తారు. ఆయన్ని పాస్ దగ్గర ఎత్తు స్టూల్ వేసి కూర్చోబెట్టి, అక్కడికి వచ్చిన ప్రతి ప్లేటూ టేబుల్ చేరేదాకా ఆయనదే అన్నాం. ప్లేట్లు మోయడానికి ఇద్దరు రన్నర్లను ఇచ్చాం. రోటీల చీటీ రాగానే హోల్డ్‌లో పెట్టాలి, అన్న "రోటీ ఫైర్" అన్నాకే పిండి తీయాలి.

ఉస్తాద్ ఒప్పుకోలేదు. "చీటీ ఆపితే రేపు నన్నే అంటారు" అన్నాడు. నిజమే. ఆలస్యమైతే జవాబు చెప్పేది పాస్ మనిషేనని యజమాని చేత వంటగదిలో అందరి ముందూ చెప్పించాం, అప్పుడు సరేనన్నాడు. అయినా మొదటి శనివారం పథకం తలకిందులైంది. కూర గిన్నెలోకి వచ్చాక అన్న రోటీ పిలవడంతో, ఈసారి కూర ముందు వెళ్లి రోటీ కోసం అతిథులు చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి పదకొండున్నరకి వంటగదిలో అందరం నిలబడి మాట్లాడుకున్నాం. పరిష్కారం ఉస్తాదే చెప్పాడు: "కూర పాన్‌లో పడిన చప్పుడు వినగానే నన్ను పిలవండి. మీ కూర ఉడుకు పట్టేలోపు నా రోటీ అవుతుంది." గడియారం కన్నా ఆ చప్పుడే మాకు బాగా పనికొచ్చింది.

వరండాలో ఒక సైడ్ స్టేషన్ పెట్టించాం. నీళ్లు, ప్లేట్లు, చెంచాలు, నెయ్యి, ఊరగాయలు అన్నీ అక్కడే. వంటగది వైపు వెళ్లేవాడు ఖాళీ చేతులతో వెళ్లకూడదు, వచ్చేవాడు ఖాళీ చేతులతో రాకూడదు. ఈ ఖాళీ చేతుల నియమం పాతదే, ప్రతి హోటల్లోనూ చెబుతారు, పాటించేవాళ్లు తక్కువ.

అన్నిటికన్నా కష్టమైంది యజమాని మెసేజ్‌లు ఆపించడం. "అవి నా సంబంధాలు మేడమ్" అన్నారు. వాదించలేదు. ఆగస్టులో ఒక శనివారం ఆయన్ని 26వ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. అప్పటికి వరండాలో సెక్షన్లు, అంటే ఎవరు ఏ టేబుళ్లు చూడాలన్న పంపకం, ఇంకా మార్చలేదు, చీకటిగా ఉంది, కొత్త పిల్లవాడు ఆయన్ని గుర్తుపట్టలేదు. నీళ్లు రాలేదు. ఏడో నిమిషంలో ఆయన చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. "ఫోన్ వద్దు సార్, ఇక్కడ కూర్చునేవాళ్లకి ఆ నంబర్ లేదు కదా" అన్నాను. ఫోన్ జేబులో పెట్టేసి, దూరంగా వెలుగుతున్న ముందు హాలు వైపు చూస్తూ కూర్చున్నారు. పన్నెండో నిమిషంలో నీళ్లు వచ్చాయి. మరునాటి నుంచి మెసేజ్‌లు లేవు. మనవాళ్లు వస్తుంటే బుకింగ్ అప్పుడే రిసెప్షన్‌కి చెబుతారు, అంతే. సెక్షన్లు రోజూ మారతాయి, శనివారం వరండా తప్పకుండా సీనియర్ కెప్టెన్‌కే.

రోజూ సాయంత్రం నాలుగింటికి చెఫ్ ఒక వంటకం పెట్టి, అదేమిటో చెప్పి, అందరి చేతా చేత్తో తినిపిస్తారు. ఉలవచారు రోజున గంజాం జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు (అత్తయ్యకు ఆ గిన్నె తెచ్చిన పిల్లవాడే) ఒక ముద్ద తిని ఆగిపోయాడు. "ఇది కొలొథ! మా అమ్మ వండుతుంది" అన్నాడు. ఒడియాలో ఉలవల్ని అలాగే అంటారు. అప్పటిదాకా ఎవరు అడిగినా "వెరీ గుడ్ సర్" అనేవాడు. ఇప్పుడు ఎంతసేపు ఉడకాలో, దాంట్లో మీగడ ఎందుకు వేస్తారో చెబుతాడు. నలభై తెలుగు మాటలు కూడా నేర్పాం. వాటిని అతను ఆర్డర్ ప్యాడ్ వెనక ఒడియా లిపిలో రాసుకున్నాడు. మొదటి మాట "గోరువెచ్చని నీళ్లు".

ఇక కొసరి వడ్డించడం. దీన్ని నేర్పడానికే ఎక్కువ రోజులు పట్టింది, ముందు నేనే తప్పుగా నేర్పాను. "ఇంకొంచెం వడ్డించనా?" అని అడగండి అన్నాను. పిల్లలు రెండు నిమిషాలకోసారి అడగడం మొదలుపెట్టారు. ఒక టేబుల్‌లో భార్యాభర్తలు ఏదో గంభీరంగా మాట్లాడుకుంటుంటే మూడుసార్లు అడ్డొచ్చారు. మన ఇళ్లలో పెళ్లి పంక్తిలో వడ్డించే పెద్దవాళ్లను గుర్తుచేసుకున్నాను. వాళ్లు ముఖం చూడరు, విస్తరి చూస్తారు. అన్నం మధ్యలో కూర అయిపోయి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం చూడాలి. చెయ్యి ఆడుతున్నంతసేపూ దూరంగా నిలబడాలి, ఆగి తల ఎత్తితే దగ్గరికి వెళ్లాలి. వారం రోజులు పిల్లల్ని సగం మందిని కూర్చోబెట్టి తినిపించి, మిగతా సగాన్ని వాళ్ల చేతులే చూడమన్నాను. దూరం నుంచి ఏది చూడాలో తెలిశాక అడగడం దానంతటదే తగ్గింది.

సర్వీస్ ఛార్జ్ విషయంలో నేను రాజీపడలేదు. బిల్లులో దాన్ని తమంతట తాముగా కలపకూడదని, దాన్ని కలిపిన మొత్తం మీద జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4నే మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ సంఘాలు కోర్టుకు వెళితే, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలను సమర్థించింది. వినియోగదారుడు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. యజమానికి ఇవన్నీ తెలుసు. ఆయన భయం వేరు. ఆ డబ్బు స్టాఫ్‌కి పంచుతున్నారు, తీసేస్తే వాళ్ల చేతికొచ్చేది బాగా తగ్గుతుంది. అది న్యాయమైన భయం. చివరికి మెనూ ధరలు కొద్దిగా పెంచి, జీతాల్లో ఆ తేడా కలిపారు. టిప్పులు వంటగదితో సహా అందరికీ పంచుతున్నారు. ముందు హాలు టిప్పులకు అలవాటుపడిన ఇద్దరు కెప్టెన్లు మానేశారు. వాళ్లలో ఒకరు చాలా మంచి పనివాడు, అతను వెళ్లినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అక్టోబర్‌కి

అక్టోబర్‌లో మళ్లీ నాలుగు సాయంత్రాలు పాస్ దగ్గర గడిపాను. మామూలు రోజుల్లో వరండాకి రోటీ, కూర ఒకటి రెండు నిమిషాల తేడాలో చేరుతున్నాయి. నీళ్లు మూడు నిమిషాల్లోపు, అడగకుండానే మామూలు నీళ్లు. బిల్లు ఐదారు నిమిషాల్లో వస్తోంది. "చల్లారిపోయింది" అన్న ఫిర్యాదు ఆ నెలలో యజమాని చూపించిన కాగితాల్లో రెండుచోట్ల ఉంది. రెండూ శనివారాలే.

శనివారం సమస్య ఇంకా తేలలేదు. ప్రైవేట్ గదిలో ముప్పై మంది పార్టీ ఉంటే, తొమ్మిది నుంచి పదింటి వరకు ఆ ముప్పై ప్లేట్లూ అదే పాస్ మీదికి వస్తాయి. అన్న ఒక్కరే రెండు వైపులా పిలవలేకపోతున్నారు. పార్టీలకు ముందే నిర్ణయించిన మెనూ ఇచ్చి, ఎనిమిదింటికే మొదలుపెట్టమని నేను చెబుతున్నాను. అప్పటికప్పుడు కోరింది వడ్డించడమే తమ గొప్ప అని యజమాని అంటున్నారు. ఇరవై మంది దాటితే మాత్రం ప్రయత్నిద్దామన్నారు. ఈలోపు అన్నలాగా పాస్ దగ్గర ఆర్డర్లు పిలిచే రెండో మనిషిగా ఒకమ్మాయిని తయారుచేస్తున్నాం. మణిపూర్ నుంచి వచ్చింది, గొంతు బాగా గట్టిది, పాన్ చప్పుడు అన్న కన్నా ముందే పట్టేస్తుంది.

నేను చివరిసారి వెళ్లిన రాత్రి పార్టీ గదిలో పుట్టినరోజు జరుగుతోంది. 27వ టేబుల్‌కి రోటీలు ముందు వెళ్లిపోయాయని పాస్ దగ్గరే తెలిసింది. క్షమాపణ చెబుదామని వరండా వైపు నడిచాను. నేను వెళ్లేసరికి గంజాం కుర్రవాడు ఆ బుట్ట వెనక్కి తెస్తూ ఎదురొచ్చాడు. "ఠండా మేడమ్. కొత్తది చెప్పాను, కూరతో వస్తుంది" అని, ఆగకుండా పాస్ వైపు వెళ్లిపోయాడు.